దస్తఖత్ కింద ఖాళీ జాగ

మా సిద్దిపేటలో ఏదైనా కాగితం మామూలు కంటే నాలుగు వేళ్ళు పొట్టిగా కనబడితే, అది మున్షీ సాబ్ రాసిందని చెప్పడానికి చదివి చూడనక్కర్లేదు. రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు రేకుల పందిరి కింద నలభై ఏళ్ళు దస్తావేజులు రాసిన మనిషి ఆయన. ఆఖరి మాట రాయగానే అక్కడి నుంచి కాగితం అంచుదాకా ఒక గీత లాగేవారు. ఆ గీతకు ఆనించి దస్తఖత్, అంటే సంతకం, చేసేవారు. తర్వాత కోటు జేబులోంచి చిన్న కత్తెర తీసి, సంతకం కింద మిగిలిన తెల్ల కాగితాన్ని కరకరా కోసి అవతల పారేసేవారు. స్టాంపు కాగితాన్ని కొయ్యకూడదు కాబట్టి దాని మీద మాత్రం అడ్డగీతలతో సరిపెట్టుకునేవారు. మిగతా వాటికి, చుట్టాలకు రాసే ఉత్తరమైనా సరే, కిరాణా సామాన్ల చిట్టీ అయినా సరే, కత్తెర తప్పదు.

"దస్తఖత్ కింద ఖాళీ జాగ ఇడిచిపెట్టుడంటే తలుపులు తెరిచి పండుకున్నట్టే బేటీ" అనేవారు నాతో. నేను నవ్వేదాన్ని. కంప్యూటర్ల కాలంలో ఈ ముసలాయన కత్తెర ఏమిటి అనుకునేదాన్ని.

అప్పట్లో నాది పాత బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటరు. ఆరు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, కరెంటు పోతే అరగంట మాత్రం మోసే ఇన్వర్టరు. కోపం నాకు ముక్కు మీదే ఉండేది. ఆ కోపానికి తెలంగాణ ఉద్యమం తోడైంది. స్కూటీ నంబరు ప్లేటు మీద ఏపీ తుడిచి టీజీ రాయించాను. షాపు బోర్డు మీద రాష్ట్రం పేరు ఎప్పుడో మార్చేశాను. రశీదు పుస్తకం మీద రబ్బరు ముద్ర, ప్రింటు తీసిన కాగితం పెట్టిచ్చే కవరు మీద స్టిక్కరు. మా సెంటరు నుంచి ఏది బయటికి పోయినా దాని మీద ఉద్యమం గుర్తు ఉండాల్సిందే. "ఇగ నీ నొసలు మీద గూడ రాయించుకోరాదే" అని మా అవ్వ దెప్పేది.

మున్షీ సాబ్ మాత్రం ఏ ఊరేగింపులోనూ కనబడేవారు కాదు. నడిరోడ్డు మీద పొయ్యి పెట్టి చేసే వంటావార్పుకు రమ్మంటే మోకాళ్ళ నొప్పులనేవారు. జై తెలంగాణ అని ఎవరైనా పలకరిస్తే "సలాం, సలాం" అని తలూపి పోయేవారు. అది నాకు కొంచెం కష్టంగానే ఉండేది. ఇంత తెలిసిన మనిషి, ఇదేమిటి అనిపించేది.

రిజిస్ట్రేషన్లు కంప్యూటర్లలోకి మారాక ఆయన కలానికి పని లేకుండా పోయింది. గజ్వేల్ నుంచో జగదేవ్‌పూర్ నుంచో ఎవరైనా తాతల నాటి ఉర్దూ కాగితం పట్టుకొస్తే చదివి చెప్పడం, అంతే. అలాంటి రోజుల్లో ఢిల్లీలో ఒక అనువాద సంస్థ, పాత హైదరాబాద్ రాజ్యం కాగితాలను ఉర్దూ నుంచి తెలుగు చేసేవాళ్ళు కావాలని వెతుకుతూ ఆయన్ను పట్టుకుంది. డెబ్భై నాలుగేళ్ళ మనిషి నా షాపుకు చిన్న పిల్లాడిలా నవ్వుకుంటూ వచ్చారు. ఆయన చేత్తో రాస్తారు, నేను టైపు చేస్తాను, మెయిల్ ఆయన పేరు మీద పోతుంది. ఒకే షరతు. కోర్టుల్లో చూపించాల్సిన కాగితాలు కాబట్టి, ప్రతి మెయిల్ మీదా డిజిటల్ సంతకం ఉండాలన్నారు.

డిజిటల్ సర్టిఫికెట్ కోసం దరఖాస్తు నేనే నింపాను. రాష్ట్రం అన్న గడిలో ముందే అచ్చువేసిన ఆంధ్రప్రదేశ్‌ను అడ్డంగా కొట్టేసి, పక్కన పెద్ద అక్షరాలతో తెలంగాణ అని రాశాను. మూడు వారాల తర్వాత దరఖాస్తు తిరిగొచ్చింది. అలాంటి రాష్ట్రం మా జాబితాలో లేదు అని దాని మీద ఎర్ర సిరాతో రాసి ఉంది. నేను షాపులో గంటసేపు చిందులు తొక్కాను. మున్షీ సాబ్ కొత్త ఫారం తీసుకుని, గడుల్లో వాళ్ళు అడిగింది అడిగినట్టు రాసి, సంతకం చేసి, కింద మిగిలిన కాగితాన్ని కొయ్యబోయారు. ఫారం కొయ్యొద్దని నేను చెయ్యి పట్టుకున్నాను.

చివరికి టోకెన్ వచ్చింది. చూడటానికి మామూలు పెన్‌డ్రైవ్ లాగే ఉంటుంది. దాన్ని కంప్యూటర్‌కు గుచ్చి, రహస్య సంకేతం కొట్టి, మెయిల్ మీద సంతకం చెయ్యాలి. "మెయిల్ల ఉన్న ప్రతి అక్షరం మీద ముద్ర పడుతది మున్షీ సాబ్. దస్తఖత్ అయినంక ఒక్క చుక్క మారినా అవతలోళ్ళకు తెలిసిపోతది" అని వివరించాను.

ఆయన టోకెన్‌ను అటూ ఇటూ తిప్పి చూశారు. "అంటే దీని లోపలనే కత్తెర ఉందన్నట్టు" అన్నారు. ఆ టోకెన్‌ను తాయెత్తులా ఎర్రదారానికి కట్టి మెడలో వేసుకున్నారు.

మొదటి అనువాదం పంపేనాటికి సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు లేవు, బడులు లేవు, బొగ్గు బయటికి రాక కరెంటు కూడా అంతంత మాత్రమే. నేను షట్టరు సగం దించి లోపల పని చేసేదాన్ని. వచ్చినవాళ్ళు వంగి దూరాలి. మున్షీ సాబ్ వంగలేరు కాబట్టి ఆయన వచ్చినప్పుడు మాత్రం షట్టరు పూర్తిగా ఎత్తి, ఆయన లోపలికి రాగానే దించేదాన్ని. బంద్ చేయించే పిల్లలందరూ నాకు తెలిసినవాళ్ళే, చూసీ చూడనట్టు పోయేవాళ్ళు.

అలా సోమవారం మెయిల్ పంపాం. మంగళవారం ఢిల్లీ నుంచి జవాబు వచ్చింది. మీ సంతకం చెల్లడం లేదు, మళ్ళీ పంపండి అని.

కంప్యూటర్ గడియారం చూస్తే సంగతి తెలిసింది. లోపల ఉండే బిళ్ళ బ్యాటరీ చచ్చిపోయి, కరెంటు పోయిన ప్రతిసారీ తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కి పోతోంది. సర్టిఫికెట్ ఇంకా పుట్టకముందే మున్షీ సాబ్ దానితో సంతకం చేసినట్టు లెక్క. వాచీలు బాగుచేసే కొట్టును బతిమాలి తెరిపించి, కొత్త బిళ్ళ వేయించి, తేదీ సరిచేసి మళ్ళీ పంపాను.

బుధవారం మళ్ళీ చెల్లలేదు. ఈసారి సర్టిఫికెట్‌లో ఉన్న మెయిల్ చిరునామా ఒకటి, మేం పంపుతున్న చిరునామా ఇంకొకటి. రెండో ఫారంలో ఆయన, ఎప్పుడో నేనే తెరిచిచ్చిన పాత చిరునామా రాశారు. నేనేమో ఈ పని కోసమని కొత్తది తెరిచాను. పాతదాన్నే మెయిల్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టి మళ్ళీ పంపాను. ఇక తిరుగులేదని ఆయనకు చాయ్ కూడా తెప్పించాను.

గురువారం వచ్చిన జవాబు చదవడానికి నాకు నోరు రాలేదు. మొదటి రెండు జవాబులూ చెల్లలేదనే అన్నాయి. ఇది వేరు. "సంతకం చేసిన తర్వాత ఈ పత్రంలో మార్పు జరిగింది" అని వచ్చింది. శనివారం సాయంత్రంలోగా సరైన సంతకంతో రాకపోతే ఆయన పేరు అనువాదకుల జాబితాలోంచి తీసేస్తామని కింద రాశారు.

మున్షీ సాబ్ ఆ వాక్యాన్ని నాతో రెండుసార్లు చదివించుకున్నారు. "జాబితా పోతే పోనీ బేటీ. నలభై ఏండ్లల్ల నా కాయితం మారిందని ఒక్క మనిషి అనలే. కోర్టుల అనలే, పోలీసోళ్ళు అనలే. గిప్పుడు ఢిల్లీ అంటుంది" అన్నారు. ఆయన మీద జాలి, నా మీద నాకే సిగ్గు, రెండూ ఒక్కసారే కలిగాయి. అలాంటప్పుడు నేను చేసే పని ఒక్కటే. ఎవరో ఒకరి మీద విరుచుకుపడతాను.

సర్టిఫికెట్ ఇచ్చిన కంపెనీకి హైదరాబాద్‌లో ఒక సహాయ నంబరు ఉంది. ఫోన్ ఎత్తినాయన మాట వినగానే కోస్తా మనిషి అని తెలిసిపోయింది. మిగతాది నా తలకాయే కల్పించుకుంది.

"మెయిల్ మార్గమధ్యంలో ఎక్కడో మారుతోంది మేడమ్" అన్నాడాయన శాంతంగా.

"సిద్దిపేటకు ఢిల్లీకి నడుమల మీ హైదరాబాద్ ఆఫీసు తప్ప ఏముంది? మీరే మార్చి ఉంటరు."

"మా దగ్గరికి మీ మెయిల్ రానే రాదు మేడమ్. మీ వైపే ఏదో మారుతోంది. ఒకసారి చూడండి."

"మా దిక్కు ఏం మారాల్నో మేం చూసుకుంటున్నం గని, మా ముసలాయన దస్తఖత్ చెల్లదనెటందుకు మీరెవ్వరు?"

"నేను చెల్లదనలేదు మేడమ్, సాఫ్ట్‌వేర్ అంటోంది."

"ఆ సాఫ్ట్‌వేర్ గూడ మీ దిక్కుదేనా?"

నేను ఫోన్ పెట్టేశాను. మున్షీ సాబ్ నన్నే చూస్తున్నారు. "కోపం తగ్గిందా బేటీ?" అన్నారు. తగ్గలేదని చెప్పాను.

శుక్రవారం నమాజు అయ్యాక ఆయన నేరుగా షాపుకు వచ్చారు. "మారింది మారింది అంటున్నరు గద, ఏది మారిందో చూద్దాం పా. పంపిన కాయితం ఒకటి, చేరిన కాయితం ఒకటి తియ్యి. రెండు పక్కపక్కన పెట్టి చదువుదాం" అన్నారు.

ఇంత పెద్ద సాంకేతిక సమస్యను ముసలాయన కళ్ళజోడుతో తేలుస్తారా అని లోలోపల నవ్వుకున్నాను. అయినా కాదనలేక, అదే మెయిల్‌ను ఆయన సంతకంతో నా చిరునామాకే పంపుకున్నాను. నా దగ్గర కూడా అదే గొడవ. సంతకం చెల్లితే ఎర్ర రిబ్బను బిళ్ళ రావాల్సిన చోట పసుపు ముక్కోణం, అందులో ఆశ్చర్యార్థకం. పంపిన నకలు ఒకటి, చేరింది ఒకటి ప్రింటు తీసి ఇచ్చాను.

ఆయన బల్ల ముందు కూర్చుని, ఎడమ చూపుడు వేలు ఒక కాగితం మీద, కుడి చూపుడు వేలు ఇంకో కాగితం మీద పెట్టి మొదటి మాట నుంచి చదవడం మొదలుపెట్టారు. కామా దగ్గర ఆగి కామా, చుక్క దగ్గర ఆగి చుక్క అని పైకి అంటూ చదివారు. మధ్యలో కరెంటు పోయింది. షట్టరు ఎత్తి వెలుతురు చూపించాను. బయట రోడ్డు మీద డప్పులు కొడుతూ ఊరేగింపు పోతోంది. ఆయన వేళ్ళు ఆగలేదు. ఆఖరి మాటదాకా వచ్చారు. కింద తన పేరు. ఎక్కడా ఒక్క వొత్తు కూడా తేడా లేదు.

"ఏం మారలే" అన్నారు. నాకు ఏదో ఒకటి మారి ఉంటే బాగుండు అనిపించింది.

ఆయన అలవాటు ప్రకారం కత్తెర తీశారు. పంపిన కాగితం తీసుకుని తన పేరు కింద కోశారు. రెండోది, చేరిన కాగితం, తీసుకున్నారు. కత్తెర నోరు తెరిచింది, అక్కడే ఆగింది.

"బేటీ, నా దస్తఖత్ కింద గిది ఎవలు రాసిన్రు?"

వంగి చూశాను. ఆయన పేరు కింద రెండు వరుసలు ఖాళీ వదిలి, చిన్న అక్షరాలతో ఒక లైను ఉంది. జై తెలంగాణ.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఏమిటో నాకు ఆ క్షణంలో తెలిసింది. మా కంప్యూటర్లలో వైరస్‌లను పట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉండేది. బయటికి పోయే ప్రతి మెయిల్‌నూ తనిఖీ చేసి, ఇందులో వైరస్ లేదు అని చివర ఒక లైను అతికించేది. ఏడాదిన్నర కింద ఒకరోజు ఆ లైను మనకు నచ్చినట్టు మార్చుకోవచ్చని కనిపెట్టి, పొంగిపోయి, జై తెలంగాణ అని పెట్టాను. ఉద్యోగ దరఖాస్తులు, పెళ్ళి పిలుపులు, ఎవరు ఏది పంపినా దాని తోకకు ఆ మాట అంటుకుని పోయేది. పంపిన నకలులో అది కనబడదు. పంపు అని నొక్కాక, మెయిల్ గడప దాటేటప్పుడు అతుక్కుంటుంది. మున్షీ సాబ్ సంతకం అయిపోయాకే అన్నమాట. నా చిరునామాకు వచ్చిన మెయిళ్ళలో అది రోజూ కనబడుతూనే ఉండేది. రోజూ కనబడేది కాబట్టే కనబడడం మానేసింది.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగను కత్తెర పట్టింది.

"నేనే మున్షీ సాబ్" అన్నాను. ఎలా అతుక్కుందో చెప్పాను. ఆయన కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. కత్తెర బల్ల మీద పెట్టి, ఆ లైను మీద వేలు పెట్టారు.

"అరవై తొమ్మిదిల నేను జవాన్ మనిషిని" అన్నారు. "అప్పుడు గూడ గిదే లొల్లి. మా నౌకరీలు మాకు కావాలని ఒక అర్జీ రాసినం. రాసింది నేనే, మొదటి దస్తఖత్ నాదే. కింద నాలుగు వేళ్ళ జాగ ఇడిచిపెట్టిన, ఇంకా మంది చేస్తరని. ఎవడో ఆ జాగల ఆఫీసు తగలబెడ్తమని రాసిండు. నా దస్తఖత్ కిందనే ఉండె గద, నేనే రాసిన్నని మూడు దినాలు ఠాణాల కూసోబెట్టిన్రు. కొట్టిన్రు గూడ. మా అమ్మీ ఠాణా ముందట మూడు దినాలు తిండి లేకుంట కూసున్నది. ఇడిచిపెట్టినంక ఇంటికి పొయ్యేటప్పుడు తొవ్వల గీ కత్తెర కొన్న."

ఇన్నేళ్ళూ ఊరంతా నవ్విన కత్తెర అది. నేనూ నవ్వాను. ఊరేగింపుల్లోకి రాడేమిటని ఆయన వెనక ఎన్ని మాటలన్నానో గుర్తొచ్చి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నేను కూడా చేసిందేమిటి? ఆయన సంతకం కింద, ఆయన్ను అడగకుండా, నా మాట రాశాను. మాట మంచిదే కావచ్చు. మాట ఆయనది కాదు.

శనివారం పొద్దున్నే వైరస్ సాఫ్ట్‌వేర్‌లో ఆ లైను తీసేశాను. అప్పుడు గాని షాపులోకి ఎవరైనా వచ్చి చూస్తే, సొంత చేతులతో జై తెలంగాణ చెరిపేస్తోందని రోడ్డు మీదికి లాగేవాళ్ళే. ఎవరూ రాలేదు. పదకొండింటికి మున్షీ సాబ్ వచ్చారు. అత్తరు పూసుకుని, ఇస్త్రీ కోటు వేసుకుని, పెళ్ళికి వచ్చినట్టు వచ్చారు.

అనువాదం జతచేసి, మెయిల్‌లో రెండు వాక్యాలు టైపు చేసి, "ఇగ టోకెన్ గుచ్చున్రి" అన్నాను.

"ఆగు" అన్నారు. కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "నీ లైను ఎట్ల కొడ్తరు? నాకు చూపియ్యి."

"వద్దు మున్షీ సాబ్. అది ఉంటేనే గద గింత తిప్పలైంది."

"దస్తఖత్ కింద ఉండె గనుక తిప్పలైంది. మీద ఉంటే ఎవనికి తిప్పలు? కింద ఎవడో రాస్తే అది అతికిచ్చుడు. మీద నేను రాస్తే అది నా మాట."

ఒక్కొక్క మీట ఎక్కడుందో నేను చూపిస్తుంటే, ఒక్క వేలితో, వెతుక్కుంటూ, జై తెలంగాణ అని కొట్టారు. నాలుగు నిమిషాలు పట్టింది. తర్వాత గీత ఎలా కొట్టాలని అడిగారు. అడ్డగీత మీట చూపించాను. దాన్ని వరుస చివరిదాకా నొక్కి పట్టుకున్నారు. ఆ గీతకు ఆనించి తన పేరు. మెడలోంచి టోకెన్ తీసి గుచ్చారు. సంకేతం కొట్టేటప్పుడు నన్ను అటు తిరగమన్నారు. నేను తిరిగాను.

కరెంటు పోతుందేమోనని ఇద్దరం ఇన్వర్టర్ వైపు చూస్తూ పంపు అని నొక్కాం.

జవాబు వచ్చేలోగా నేను హైదరాబాద్ నంబరుకు ఫోన్ చేశాను. అదే గొంతు. "అన్నా, మొన్న అరిసింది నేనే. తప్పు మాదే" అన్నాను.

"ఏం మారింది మేడమ్ ఇంతకీ?"

"సంతకం అయినంక కింద జై తెలంగాణ అని ఒక లైను చేరుతుండె."

అవతల పెద్దగా నవ్వు వినబడింది. "దానికి మా దగ్గర రిపేరు లేదు మేడమ్" అన్నాడు. నాకూ నవ్వాగలేదు. రెండు రోజుల కింద ఈ మనిషిని అన్ని మాటలు ఎలా అన్నానా అనిపించింది.

మూడింటికి ఢిల్లీ నుంచి మెయిల్ వచ్చింది. సంతకం సరైనది, సంతకం తర్వాత పత్రంలో ఎలాంటి మార్పూ జరగలేదు, అనువాదం స్వీకరించాం. దాని కింద, మేం పంపిన మెయిల్ మొత్తం ఉంది. రెండు వాక్యాలు, జై తెలంగాణ, గీత, ఆయన పేరు.

నేను గట్టిగా చదివాను. ఆయన మళ్ళీ చదవమన్నారు. చదివాను. "ఎలాంటి మార్పూ జరగలేదు" అన్న మాట దగ్గర చెయ్యెత్తి ఆపి, అది ఒక్కటే ఇంకోసారి చదవమన్నారు. తర్వాత కళ్ళజోడు తీసి కోటు అంచుతో తుడుచుకున్నారు, అద్దాలతో పాటు కళ్ళు కూడా. ప్రింటు తియ్యమన్నారు.

తీసి ఇచ్చాను. జై తెలంగాణ మీద ఒకసారి వేలు పెట్టి చూశారు, తన పేరు మీద ఒకసారి. కత్తెర తీసి పేరు కింద, అక్షరాల వొత్తులు తెగుతాయేమో అన్నంత దగ్గరగా కోశారు. కింది తెల్ల ముక్క నా చేతిలో పెట్టి, పొట్టి కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని లేచారు.

"ఇగ ఎవడన్న రాస్తనంటే గది ఇయ్యి బేటీ" అన్నారు. "నాది ఐపోయింది."